ముత్తాత డాలు, కపెంబ్వా ఒప్పుకోలు

“ఈ చిపాటా పట్నంలో నా కన్నుగప్పి చీమ కూడా నేరం చెయ్యలేదు,” అని ప్రకటించి, అపరాధ పరిశోధక చక్రవర్తి యోబె సోకో భూతద్దం తీశాడు. అందులో తన బొటనవేలే కనిపించేసరికి హడలిపోయి ఓ అడుగు వెనక్కి వేశాడు.

అన్నగారమ్మాయి థొకోజిలెకి నవ్వు రాలేదు. ఇంకాసేపట్లో బడిపిల్లల చరిత్ర పోటీ. ఒకనాడు కొట్టుకు చచ్చిన అంగోనీ, బెంబా తెగలవాళ్ళు బావాబావమరుదులెలా అయ్యారన్నది ఆమె ప్రాజెక్టు. గెలిస్తే రాజధాని లుసాకాకి ప్రయాణం. దానికి ప్రాణం, అంగోనీ ముత్తాత యుద్ధంలో పట్టిన ఆవుతోలు డాలు. తెల్లారేసరికి అది గోడమీద లేదు.

“పాతకాలపు వస్తువేదీ లేకుండా లోపలికే రానివ్వరు బాబాయ్,” అంది.

“బెంగపడకు. ఇది అంతర్జాతీయ ముఠా పని. ఆ రక్తపు మరకలు చూడు.”

“అది టమాటా కూర. రాత్రి నువ్వే ఒలకబోశావ్.”

కంచె అవతల్నుంచి పొరుగింటి బెంబా బావ కపెంబ్వా తొంగిచూశాడు. “డాలుకోసమేనా బావా? నేనే ఎత్తుకుపోయా. ఓ కోడిని పంపు, ఇచ్చేస్తా.”

“పోవోయ్, కోతుల్ని తినేవాడా.”

“సరేలే, ఎలకల్ని తినేవాడా.”

థొకోజిలె బాబాయి చొక్కా పట్టుకు లాగింది. “మామయ్య ఒప్పుకుంటున్నాడు కదా.”

“వెర్రిదానా, బడి పైకప్పు గాలికెగిరిపోతే నేనే ఎత్తుకెళ్ళానన్నాడు. వానలు పడకపోతే మబ్బుల్ని నేనే దాచానన్నాడు. బావ వరసైనవాడు దొంగనంటే ఎవడైనా నమ్ముతాడటే?”

అదీ నిజమే. ఈ రెండు తెగల మధ్య బావ సొత్తు పట్టుకుపోవడం ఎంత హక్కో, పట్టుకుపోయానని కోతలు కోయడమూ అంతే హక్కు.

యోబె కపెంబ్వా దొడ్లోకి నడిచాడు. “నిన్ను సాక్షిగా విచారిస్తున్నా. రాత్రి ఇక్కడ ఎవరైనా అనుమానంగా తిరిగారా?”

“తిరిగా.”

“నువ్వు కాదయ్యా. ఇంకెవరైనా?”

“నాతోపాటు డాలు.”

“వీడితో లాభం లేదు,” అని యోబె గడ్డం నిమురుకుంటూ ఠీవిగా కోళ్ళగూటి తలుపుకి జారబడ్డాడు. తలుపు ఊడింది. యోబె వెల్లకిలా గూట్లో పడ్డాడు. గుడ్లు పగిలాయి, కోళ్ళు గగ్గోలు పెట్టాయి. అతని వీపు కిందున్న తలుపు కోలగా, నలుపూ తెలుపూ మచ్చలతో ఉంది. ముత్తాత డాలే.

“చూశావా, ముఠావాళ్ళు తెచ్చి మన బావ గూట్లో దాచారు,” అన్నాడు యోబె, సొన తుడుచుకుంటూ. “పాపం, అమాయకుడు.”

“నా కోడి?” అన్నాడు కపెంబ్వా.

“అది తర్వాత. నువ్వూ నడు మామయ్యా,” అని థొకోజిలె ఇద్దర్నీ పోటీకి లాక్కుపోయింది.

అక్కడ మార్కులు వేసే ముసలి పంతులు అంతా విని పెదవి విరిచాడు. “యుద్ధం సంగతి సరేనమ్మా. ఈ బావ వరస ఇప్పటికీ ఉందనడానికి రుజువేది?”

అది థొకోజిలె సిద్ధం చేసుకున్న ప్రశ్న కాదు. దిక్కుతోచక వెనక్కి చూసి వేలు చూపించింది. “అదిగోనండి, రాత్రి ఈ డాలెత్తుకుపోయిన మా బెంబా మామయ్య. పక్కన సొన కారుతున్నది, ఆయనెంత మొత్తుకున్నా నమ్మని మా బాబాయి.”

హాలంతా గొల్లున నవ్వింది. పంతులు మాత్రం కపెంబ్వాని నిలబెట్టి అడిగాడు. “నేనూ బెంబానే. కోడి పుచ్చుకున్నావా?”

“లేదండి.”

“కోడి లేకుండానే డాలు వదిలేశావా? మన పరువు తీశావు కదయ్యా,” అని విసుక్కుంటూనే, లుసాకా పంపే పేరు థొకోజిలెదేనని చెప్పేశాడు.

పొద్దుట్నుంచీ ఆపుకున్న ఏడుపంతా అప్పుడు తన్నుకొచ్చింది ఆ పిల్లకి. యోబె ఆమె తల నిమిరాడు.

“ఏడవకే తల్లీ. అసలు దొంగని సాయంత్రానికల్లా పట్టుకుంటాగా.”