గంపల అడుగు ఉప్పు

ఆ శనివారం పొద్దున కృపానందం వేసుకున్న పథకం చాలా చిన్నది. పెరట్లో మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించాలి. భోజనాల వేళకు తవ్వెడు ఉప్పు తీయాలి. సాయంత్రం మిషను బోర్డింగు స్కూలు దొరసానిగారు వస్తారు. ఉతికిన చొక్కా తొడుక్కుని ఆవిడతో వచ్చే ఏడాది సరఫరా ఖాయం చేసుకోవాలి.

కృపానందానిది ఏలూరు పవరుపేటలో ఎండుచేపల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. కొల్లేటి లంకల నుంచి పడవల మీద గంపలు వస్తాయి. చిల్లర బేరం కూరా నారకు సరిపోతుంది. నిజంగా సంసారాన్ని మోసేది మాత్రం బోర్డింగు పిల్లలకు వారం వారం వెళ్ళే సరుకే. ఆ ఒక్క బేరం పోతే కొట్టు మూసి, తాళం కూడా అమ్ముకోవలసిందే.

ఆ వేసవి బజారు మందగించింది. రైతు చేతిలో డబ్బు ఆడనప్పుడు ఎండుచేపకు కూడా ఆలోచించి గాని చెయ్యి చాపడు. రాబడి తన చేతిలో లేదు, ఖర్చు తన చేతిలో ఉంది అని కృపానందం నిర్ణయానికి వచ్చాడు. ముందు పేపరు చందా పోయింది. తరవాత కాఫీ, దానితో పాటు పాలు పోయాయి. చుట్ట పోయింది, జట్కా పోయింది, చాకలి పోయాడు. కొత్త పంచెలు కొనడం దండగని, పాత ముతక దుప్పటిని రెండుగా చింపి సగం కట్టుకున్నాడు, సగం భుజాన వేసుకున్నాడు. మొత్తం మీద నెలకు నాలుగు రూపాయల మిగులు తేలింది. మనశ్శాంతి ఎంత తరిగిందో మాత్రం ఆ లెక్కలో వేయలేదు.

"ఏవండీ, ఆ దుప్పటితో బజారుకెళ్ళకండీ. చూసినవాళ్ళు మనం ఏవైపోయామో అనుకుంటారు," అంది భార్య సారమ్మ.

"చూసినవాళ్ళు పంచె కొనిపెడతారా?"

"చుట్ట మానేసినకాడి నుంచీ మీ కోపం పట్టలేకపోతున్నాను. కాల్చుకోండి మహాప్రభో, ఆ డబ్బు నేనిస్తాను."

"నీ దగ్గర డబ్బెక్కడిది?"

"చెప్తే దాన్ని కూడా పొదుపు చేసేస్తారు."

ఇక మిగిలింది ఉప్పు. ఖాళీ అయిన గంపల అడుగున మట్టీ పొలుసూ కలిసిన ఉప్పు పేరుకుని ఉంటుంది. ఇన్నాళ్ళూ దాన్ని పారబోశారు. సర్కారు పన్నుతో సహా డబ్బిచ్చి కొన్న ఉప్పు. దాన్ని నీళ్ళలో కరిగించి, వడగట్టి, బాణలిలో మరిగిస్తే మళ్ళీ తెల్లటి ఉప్పు వస్తుంది. మళ్ళీ చేపలకే వాడుకోవచ్చు. ఊళ్ళో నెల రోజులుగా ఉప్పు సత్యాగ్రహం మాట వినబడుతూనే ఉంది గాని, అది సముద్రపు ఒడ్డున జరిగే గొడవ అని అతని ఉద్దేశం. పేపరు మానేసిన మనిషికి అంతకు మించి తెలియదు.

బాణలి సలసల మరుగుతుండగా పాల అచ్చాయమ్మ పెరటి దడి మీంచి తొంగిచూసింది. ఈ ఇంట్లో పాలు మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతారా అని ఆవిడ రోజూ చూసి పోతూనే ఉంది.

"ఏం వండుతున్నారండీ బాబూ, మగవారు పొయ్యి దగ్గర కూచున్నారు?"

"ఉప్పు."

"ఉప్పే! అమ్మ బాబోయ్! అందుకా తవరు కాఫీ మానేశారు! అందుకా ఈ ముతకబట్ట!"

"మరేమనుకున్నావు? అంతా ఒక పద్ధతి ప్రకారమే," అన్నాడు కృపానందం మంట ఎగదోస్తూ.

అచ్చాయమ్మ పాలు పోసే తరవాతి ఇల్లు ప్లీడరు శేషగిరిరావుగారిది. ఆయన నెల రోజులుగా సత్యాగ్రహానికి బయలుదేరుతూనే ఉన్నారు. సముద్రం చూస్తే దూరం, ఎండ చూస్తే నిప్పులు, మోకాళ్ళు చూస్తే నొప్పులు. అలాంటిది నాలుగిళ్ళ అవతలే ఉప్పు వండుతున్నారని తెలిసేసరికి ఆయన మోకాళ్ళు ఆ క్షణమే కుదుటపడ్డాయి. గంట తిరక్కుండా ఒక జెండా, ఒక మందారాల దండ, యాభైమంది జనంతో పెరట్లోకి వచ్చేశారు.

"కృపానందంగారూ! మీరింతటివారని మేం కలలో కూడా అనుకోలేదండీ!"

"నేనింతటివాణ్ణి కాదండీ."

"చూశారా, ఆ వినయం! వందేమాతరం!"

"అయ్యా, నా మాట వినండి. ఏదో నాలుగు డబ్బులు మిగులుతాయని..."

"దేశం డబ్బు దేశంలోనే మిగలాలి! నేనూ అదే చెబుతున్నాను!" అని ప్లీడరుగారు దండ మెడలో వేసి, పీట మీదెక్కి ఉపన్యాసం మొదలుపెట్టారు. ఆయన మొదలుపెడితే కోర్టులో జడ్జీగారికే ఆకలి వేసేదట. రెండు గంటలు గడిచాయి. జనం రెట్టింపయ్యారు. ఎండకు సొమ్మసిల్లుతున్న వాళ్ళకు కొబ్బరి బోండాలు తెప్పించవలసి వచ్చింది. డబ్బు ఎవరిస్తారని బండివాడు అడిగితే, జనమంతా ఒక్క చేత్తో దండ మెడలో ఉన్నవాణ్ణి చూపించారు.

చివరికి బాణలి అడుగున ఉప్పు పేరుకుంది. ప్లీడరుగారు చిటికెడు తీసుకుని, కళ్ళు మూసుకుని నాలిక మీద వేసుకున్నారు. జన్మలో చేప ముట్టని మనిషి. ఆయన ముక్కుపుటాలు ఒకసారి అదిరాయి.

"ఏదో... వాసన ఉందండీ."

"అదేనండీ నేను చెప్పబోయేది..."

"మన నేల వాసన!" అని ప్లీడరుగారు గర్జించి, మిగతా ఉప్పును పొట్లాలు కట్టించి వేలం మొదలుపెట్టారు.

మొదటి పొట్లం రూపాయికి పోయింది. రెండోది మూడు రూపాయలకు. ఆఖరి పొట్లాన్ని బియ్యం మిల్లు బుల్లిరాజుగారు పదకొండు రూపాయలకు పాడి కళ్ళకద్దుకున్నారు. కృపానందానికి కళ్ళు తిరిగాయి. మూడణాలు చేయని ఉప్పు!

"ఆ డబ్బెవరికండీ?" అన్నాడు నీరసంగా.

"ఇంకెవరికి? దేశానికి!"

"ఉప్పు నాది, కట్టెలు నావి, బోండాలు నావి కదండీ!"

"త్యాగమంతా మీదే. ఎవరు కాదన్నారు?"

అప్పుడే హెడ్డు కానిస్టేబులు వీరాస్వామి జనాన్ని తోసుకుంటూ లోపలికి వచ్చాడు. "కృపానందంగారూ, మీకిదేం బుద్ధండీ? పదండి స్టేషనుకి."

కృపానందం దండ తీసి పారేసి, ఖాళీ గంప ఒకటి తెచ్చి అతని ముక్కు దగ్గర పెట్టాడు. "చూడండి బాబూ! ఇది సర్కారు ఉప్పే! పన్ను కట్టిన ఉప్పే! చేపల కింద మిగిలిన మురికిని కడిగి తీశాను, అంతే!"

బుల్లిరాజుగారు కళ్ళకద్దుకున్న పొట్లాన్ని మెల్లగా దూరం జరిపారు. ప్లీడరుగారి మొహంలో రంగు పోయింది.

"అబద్ధం!" అని ఆయన అరిచారు. "అరెస్టుకు భయపడి చెబుతున్నాడు! ఇది చట్టవిరుద్ధంగా తీసిన స్వచ్ఛమైన ఉప్పు! ఇతన్ని వెంటనే అరెస్టు చేయాలి!"

వీరాస్వామి చిటికెడు ఉప్పు నోట్లో వేసుకుని చప్పరించాడు. "లేదండీ ప్లీడరుగారూ. ఇది ఖాయంగా చేపల ఉప్పే. కొర్రమీను. మా ఇంట్లో తింటామండీ, నాకు తెలుసు."

"నేను ఒప్పుకోను! అరెస్టు చెయ్యి!"

"చేపల ఉప్పుకి కేసు లేదండీ. వదిలెయ్యండి, పాపం!"

పోలీసు వదిలేస్తానంటుంటే దేశభక్తుడు పట్టుకోమంటున్న ఆ సమయంలోనే, సాయంత్రం రావలసిన దొరసానిగారి బండి వేళకు ముందే వాకిట్లో ఆగింది. ఆవిడ తెలుగు నేర్చింది బైబిలు చదివి. గొడుగు మూసి, జెండాను చూసి, కృపానందాన్ని చూసింది.

"కృపానందమా, ఈ సమూహమేమి? నీవు ప్రభుత్వమునకు విరోధివైతివా? అట్లయిన మా బోర్డింగునకు నీ సరుకు వలదు."

కృపానందం రెండు చేతులూ జోడించాడు. "దేవుడి తోడు, లేదమ్మగారూ! నేను దేశభక్తుణ్ణి కాను! పిసినారిని! ఉత్త పిసినారిని!"

"దానికి సాక్ష్యమేమి?"

"నేనున్నానమ్మగారూ!" అని సారమ్మ ముందుకొచ్చింది. నెలల తరబడి కడుపులో దాచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "ఈయన కాఫీ మాన్పించారండీ. పాలు మాన్పించారండీ. జట్కా ఎక్కరు, చాకలికి వేయరు, దుప్పటి చింపి పంచె చేశారు. ఇప్పుడు చేపల కింద ఉప్పు కూడా వదలడం లేదండీ. ఇంతకన్నా పిసినారి ఈ జిల్లాలో ఉంటే చూపించండి!"

భార్య తనను అంతగా సమర్థించగా వినడం కృపానందానికి పెళ్ళయ్యాక అదే మొదటిసారి. దొరసానిగారు ప్రతి మాటకూ తల ఊపుతూ శ్రద్ధగా విన్నది. ఆవిడ మొహం ప్రసన్నమైంది.

"మంచిది. నీవు నమ్మకమైన గృహనిర్వాహకుడవు. సరఫరా నీకే ఇచ్చుచున్నాను, మూడు సంవత్సరములకు."

కృపానందం కళ్ళు చెమర్చాయి. "దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలమ్మగారూ!"

"అయితే ఒక సంగతి. ఖర్చులు హెచ్చినవని నీవు నిరుడు మణుగునకు అర్ధరూపాయి హెచ్చించితివి. ఇప్పుడు బండి లేదు, చాకలి లేడు, ఉప్పునకు వ్యయము లేదు. కనుక ఆ అర్ధరూపాయి తగ్గింపుము."

"అమ్మగారూ, అది కాదండీ..."

"నీవు దేవుని తోడు అని పలికితివి గదా?"

బోర్డింగుకు నెలకు పన్నెండు మణుగులు వెళ్తుంది. కృపానందం మనసులో గుణించుకున్నాడు. నెలకు నాలుగు రూపాయలు మిగల్చడానికి నెలకు ఆరు పోయాయి, మూడేళ్ళ పాటు. వీరాస్వామి వైపు చూసి, "పోనీ నన్ను అరెస్టు చేయకూడదుటండీ?" అని అడిగాడు. వీరాస్వామి జాలిగా తల అడ్డంగా ఊపాడు. ప్లీడరుగారు అప్పటికే కండువాతో నాలిక తుడుచుకుంటూ కాలువకేసి పరుగెత్తారు. బుల్లిరాజుగారు పదకొండు రూపాయలు తిరిగి ఇమ్మంటూ ఆయన వెంట పరుగెత్తారు. జనం బోండాల డొప్పలు అక్కడే పారేసి ఎవరిదారిన వాళ్ళు పోయారు.

ఆ సాయంత్రానికి పవరుపేట మొత్తం మీద పొదుపు చేయగలిగినది ఒక్క దొరసానిగారే.