ఆధారాలున్న వంతెన

సుణ్ణాంబు గేటు దగ్గర రైలు పట్టాల మీద వంతెన కడతామని ఇదివరకు చాలామంది నాయకులు చెప్పారు. కౌన్సిలర్ ఏలుమలై నాయుడు అలా చెప్పే బాపతు కాదు. తిరువొత్తియూరులో జరిగిన సన్మాన సభలో, తాను తెప్పించిన శాలువా తన భుజాన పడ్డాక, ఆయన మైకు ముందు నిలబడి ప్రకటించారు.

"కడతామనేది పాత రాజకీయం. నేను చెప్తుండాను, బ్రిడ్జి వచ్చేసింది అనుకోండి."

జనం అనుకున్నారు. సభ అయ్యాక పట్టాలు దాటుకుని ఇళ్ళకు వెళ్ళారు.

మర్నాడు నాయుడుగారు జనార్దనాన్ని పిలిపించారు. జనార్దనం ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. వార్డులో తెలుగు తప్పుల్లేకుండా రాయగలవాడు తనొక్కడే కావడంతో, ఆయన పార్టీ తెలుగు విభాగానికి కార్యదర్శి అయ్యాడు. విభాగంలో కూడా తనొక్కడే.

"ఏమప్పా జనార్దనం, ఫోన్లో ఏలుమలై అని నా పేరు కొడితే, అరవంలో ఏడుకొండలని కదా, తిరుపతిలో రూము బుకింగ్ వస్తుంది. ఇది బాగుండాదా? ఆ ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో నాకొక పేజీ పెట్టు. ఎవురైనా రాయొచ్చంట కదా."

ఎవరైనా రాయొచ్చన్న మాట నిజమే. ఎవరైనా కొట్టేయొచ్చన్న సంగతి జనార్దనానికి ఆ సాయంత్రం తెలిసింది. 'పేదల పెన్నిధి, ఉత్తర చెన్నై ఉదయభానుడు' అని రాసి కాఫీ తాగి వచ్చేసరికి పెన్నిధీ లేడు, భానుడూ లేడు. తీసేసింది సునయన అనే స్వచ్ఛంద సంపాదకురాలు. ఆమెది ఏ ఊరో తెలియదు కానీ మర్యాద తెలిసిన మనిషి.

"కొత్త సభ్యులకు స్వాగతం. పొగడ్తలు రాయకూడదండీ. ఒక మనిషి అన్న మాటలైతే ఉన్నవున్నట్టు కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. మధ్యలో ఏమైనా వదిలేస్తే మూడు చుక్కలు పెట్టండి. ప్రతి వాక్యానికీ ఆధారం ఇవ్వండి" అని రాసింది.

జీవితమంతా ఒకరి తప్పులు దిద్దిన జనార్దనానికి తన తప్పు ఒకరు దిద్దడం కొంచెం గుచ్చుకున్నా, నియమాలు నచ్చాయి. శ్రద్ధగా నేర్చుకున్నాడు. సభలో నాయుడుగారన్న మాటల్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాడు. వాక్యం మరీ పొడుగ్గా కనిపించి చివరి మాట వదిలేశాడు. నియమం ప్రకారం మూడు చుక్కలు పెట్టాడు.

"బ్రిడ్జి వచ్చేసింది..."

దాని కింద, కొటేషన్‌తో పొంతన కుదరాలి కనుక, 'సుణ్ణాంబు గేటు వంతెన ఈయన కట్టించినదే' అని ఒక వాక్యం చేర్చాడు. వెంటనే దాని పక్కన 'ఆధారం కావాలి' అని చిన్న అక్షరాలు మొలిచాయి.

అది చూసి నాయుడుగారి మొహం ఎర్రబడింది. "ఆధారం కావాలా? నన్ను అడిగేదానికి ఆమె ఎవురు? ఏ పార్టీ?"

"పార్టీ కాదన్నా, రూల్. పేపర్లో వచ్చుండాలంట."

ఆ కష్టాన్ని తీర్చినవాడు విలేఖరి కిరణ్‌కుమార్. నాయుడుగారి పుట్టినరోజు ప్రత్యేక వ్యాసం రాయమని ఆఫీసులో చెబితే, అతను విజ్ఞాన సర్వస్వం తెరిచి పేజీని ఉన్నదున్నట్టు దించాడు. 'ఆధారం కావాలి' అన్న రెండు మాటలు కాలమ్‌లో పట్టక ఎగిరిపోయాయి. జనార్దనం ఆ వ్యాసాన్ని ఆధారంగా చూపించాడు. వ్యాసం చూసి ఇంకొక పత్రిక రాసింది, ఆ పత్రిక చూసి ఒక టీవీ చెప్పింది. వాక్యం పక్కన ఆధారాల నెంబర్లు వరసగా నిలిచాయి.

సునయన మెచ్చుకుంది. "ఇంత బాగా ఆధారాలున్న వంతెన మా దగ్గర ఇంకొకటి లేదండీ."

జనార్దనం ఆ మాటను భార్య పుష్పవల్లికి చదివి వినిపించాడు. ఆమె పట్టాలకు అవతల ఉన్న చిన్న బడిలో టీచరు. రోజూ కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని, అటూ ఇటూ చూసి, కంకర మీద దాటిపోతుంది. ఉప్మా గిన్నె ఆయన ముందు పెట్టింది.

ఆ వారంలోనే ఆమె పట్టుబడింది. పట్టాలు దాటుతుంటే ఒక రైల్వే అధికారి ఆపి ఫైన్ రాశాడు. ఇన్నేళ్ళుగా లేనిది ఇప్పుడేమిటని అడిగితే, ఆయన ఫోన్ తీసి చూపించాడు.

"బ్రిడ్జి పెట్టుకొని పట్టాల మీద నడుస్తారా? టీచరమ్మా, మీరే ఇట్లా చేస్తే పిల్లకాయలు ఏం నేర్చుకుంటారు?"

"ఏడుంది సార్ బ్రిడ్జి?"

"ఈడుంది. నెంబర్లతో సహా ఉండాది."

ఇంటికొచ్చి పుష్పవల్లి బ్యాగు గోడకు తగిలించింది. "ఏమండి, మీరు కట్టిన బ్రిడ్జి ఎక్కలేదని నాకు ఫైన్ వేసినారు. రేపు పరీక్ష పెట్టాలి నేను. ఎట్లా పోవాలో చెప్పండి."

ఆమె కేకలు వేసి ఉంటే జనార్దనానికి తేలిగ్గా ఉండేది. ఆయన అన్నం తినకుండా కంప్యూటరు ముందు కూర్చుని ఆ వాక్యం కొట్టేశాడు. కాసేపటికి అది తిరిగొచ్చింది.

"ఆధారాలున్న వాక్యాన్ని తొలగించకూడదండీ" అంది సునయన.

"అమ్మా, ఆడ వంతెన లేదు. నేను రోజూ చూస్తుండాను."

"మీరు చూడటం సొంత పరిశోధన కిందికి వస్తుంది. లేదని ఏ పత్రికైనా రాసిందా?"

నిజమే. ఏ పత్రికా రాయలేదు. జనార్దనం కిరణ్‌కుమార్ దగ్గరికి పరుగెత్తాడు.

"లేనిదాన్ని లేదని రాస్తే అది న్యూస్ ఎట్లా అవుతుంది సార్?" అన్నాడు కిరణ్‌కుమార్. "వాషర్‌మెన్‌పేట్‌లో సముద్రం లేదని రాస్తామా? ఏదైనా జరగాలి. జరిగితే వచ్చేస్తాను."

ఇక మిగిలింది నాయుడుగారే. జనార్దనం సంగతంతా చెప్పుకుంటే ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. పెద్ద నాయకులు పరిష్కారం కోసం వెతకరు, దాన్ని రానిస్తారు.

"లేదని చెప్తే నేను అబద్ధం చెప్పినట్టు అవుతుంది. ఉండాదని చెప్తే మీ ఇంటామె పోయేదానికి లేదు. సరి. పాతబడిపోయింది, జనం ప్రాణాలకు ప్రమాదం, ఇడిచేస్తాము, కూలగొట్టేస్తాము. ఇడిచేస్తే లేదు కదా?"

జనార్దనానికి అందులో తప్పు పట్టడానికి ఒక్క అక్షరం కూడా దొరకలేదు.

కూల్చివేత ఘనంగా జరిగింది. షామియానా వేశారు, నాదస్వరం పెట్టారు. జేసీబీ డ్రైవర్ అరుముగం ఇంజన్ స్టార్ట్ చేసి, ముందున్న ఖాళీని చాలాసేపు పరిశీలించి, కిందికి వంగి అడిగాడు. "సార్, ఏది ఇడిచేయాలి?"

"పైకెత్తు, కిందికి దించు" అన్నారు ఇంజినీరుగారు.

అరుముగం పైకెత్తాడు, కిందికి దించాడు. నాయుడుగారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు, దుమ్ము పడకుండా. జనంలో ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. "చిన్నప్పుడు దీని మీదే కదా గాలిపటం ఎగరేసింది" అన్నాడు పక్కాయనతో. పక్కాయన తలూపాడు. "ఆ కాలపు కట్టడం సార్. ఇప్పుడు ఎవురు కడతారు అట్లా?"

'సుణ్ణాంబు గేటు వంతెన నేలమట్టం' అని కిరణ్‌కుమార్ రాశాడు. జనార్దనం ఆ వార్తను ఆధారంగా చూపి, 'ప్రస్తుతం ఇక్కడ వంతెన లేదు' అని చేర్చాడు. సునయన ధన్యవాదాలు చెప్పింది. ఆ రోజు ఆయన కడుపునిండా అన్నం తిన్నాడు. తన చేత్తో ఒక నిజాన్ని రాసి నిలబెట్టడం ఆయనకు అదే మొదలు.

తెల్లవారి పుష్పవల్లికి తోడుగా గేటు దాకా తనే వెళ్ళాడు. దారికి అడ్డంగా ఇనుప కంచె వేసి ఉంది. కంచెకు కొత్త బోర్డు.

'కూల్చిన వంతెన శిథిలాలు పూర్తిగా తొలగించేవరకు ఈ దారిలో నడవరాదు.'

కంచె పక్కన స్టూలు వేసుకుని ఒక కాపలాదారు కూర్చున్నాడు. పుష్పవల్లి ఆయన్ని నిదానంగానే అడిగింది.

"ఎప్పుడు తొలగిస్తారప్పా?"

కాపలాదారు వెనక్కి తిరిగి, ఎండలో మెరుస్తున్న ఖాళీ పట్టాలను ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు.

"చాలా ఉండాది అమ్మా" అన్నాడు. "ఇంకా మొదలే పెట్టలేదు."

అవతల బడి గంట కొట్టారు. పుష్పవల్లి భర్త వైపు తిరిగింది. జనార్దనం కళ్ళజోడు సర్దుకుని, బోర్డులో అక్షరదోషాలేమీ లేవని చూసుకుని, ఆధారం కోసం దానికి ఒక ఫొటో తీసుకున్నాడు.