వరూధినికి గూడబాతు

ఆదివారం పొద్దునకి దేవరాజ్ వేసుకున్న పథకం చిన్నదే. పక్షులు చూసేవాళ్ళ వ్యాన్ బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో ఎక్కాలి, వరూధిని పక్కసీట్లో కూర్చోవాలి, దారిలో మద్దూరు వచ్చేలోపు రెండేళ్ళుగా గొంతులో ఉన్న మాట చెప్పెయ్యాలి. పక్షుల్లో అతనికి తెలిసినవి కాకీ, పావురమూ. ప్రేమ గుడ్డిదంటారు గానీ, మనవాడు దానికి బైనాక్యులర్ కూడా కొనిపెట్టాడు.

మొన్న ఆఫీసు క్యాంటీన్లో వాంగీబాత్ కెలుకుతూ వరూధిని నిట్టూర్చింది. "గూడబాతు చూసి ఆరేళ్ళయింది దేవరాజ్ గారూ. నాన్న పోయాక మళ్ళీ లేదు. ఒక్కసారి చూస్తే ప్రాణం లేచొస్తుంది."

ఆమెది సూళ్ళూరుపేట. గూడబాతంటే ముక్కు కింద సంచి వేలాడే పెద్ద నీటిపక్షి అని అక్కడ పసిపిల్లలకీ తెలుసు. కె.ఆర్.పురంలో పుట్టి పెరిగిన దేవరాజ్‌కి మాత్రం బాత్ అంటే వాంగీబాత్ లాంటి టిఫినే. పాపం, ఆరేళ్ళుగా రుచి చూడలేదట అనుకుని కరిగిపోయాడు.

"గూడబాత్ అంటే ఏందిమా?" అని ఇంట్లో అడిగాడు. తల్లి మునిలక్ష్మి తెల్లమొహం వేసింది. మేనత్త అక్కయమ్మకి తెలియనిదంటూ ఉండదు. "గూడు మాదిరి దొన్నెలో పెట్టే బాతప్పా. అదేం బ్రహ్మవిద్యనా, చేసేస్తాం!" అంది. శనివారమంతా వదినా మరదళ్ళు మోదుగాకుల్ని గూళ్ళలా కుట్టారు.

తీరా వ్యాన్లో ఆ గూళ్ళు సర్దిన డేక్సా గిన్నెకి చోటు వరూధిని పక్కసీట్లోనే దొరికింది. దేవరాజ్ వెనకసీట్లో ఫయాజ్ పక్కన కూలబడి, ఆమె జడకేసి చూస్తూ ఉసూరుమన్నాడు. బయట చెరకుతోటలు, వరిమళ్ళు, కనుచూపుమేర చదునునేల.

"డేక్సాలో ఏంటి బాస్?" అన్నాడు ఫయాజ్. అతనిది సూళ్ళూరుపేట పక్కనున్న నాయుడుపేట.

"గూడబాతు. వరూధినికి ప్రాణమంట. మాయమ్మ చేసిండాది."

ఫయాజ్ గుడ్లు తేలేశాడు. "వండారా! ఎక్కడ దొరికాయి?"

"కె.ఆర్.పురం సంతలోనే. లేతవి చూసి ఏరి తెచ్చిండాది. గూళ్ళతో సహా తెచ్చినా."

ఫయాజ్ ముందుకెళ్ళి ట్రిప్ లీడర్ పునీత్ చెవిలో ఊదాడు. వ్యాన్ కీచుమని ఆగింది.

"జైలుకెళ్ళే కేసు ఇది!" అని పునీత్ అరిచాడు.

వరూధిని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చూడాలన్నానండీ నేను!"

దేవరాజ్ వాటిని ఆనందబాష్పాలనుకున్నాడు. "ఏడవద్దండీ. ప్రతివారం చేయించి తెస్తాను."

ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. పునీత్ ముఖం పక్కకి తిప్పుకుని మూత తీశాడు. ఆకుగూళ్ళలో వాంగీబాత్, అందులో వంకాయముక్కలు నిగనిగలాడాయి.

అందరూ డేక్సా మీదికి వంగి చూశారు. తర్వాత నవ్వు ఆగలేదు. అసలు సంగతి ఫయాజ్ విడమరిచి చెప్పాక, దేవరాజ్‌కి భూమి చీలిపోతే బాగుండుననిపించింది. నవ్వనిది వరూధిని ఒక్కతే. ఒక గూడు అరచేతిలో పెట్టుకుని, ఆ కుట్లకేసి చూస్తూ ఉండిపోయింది.

శింషా నది ఒడ్డుకి చేరేసరికి పదయింది. చింతచెట్ల మీంచి గూడబాతులు బారులు తీరి లేచాయి. "నాన్నా..." అంది వరూధిని, తనలో తనే. దేవరాజ్ పక్కన నిలబడ్డాడు. దాచుకున్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆమె బాధ ముందు అది చాలా చిన్నదనిపించింది.

"వచ్చే ఆదివారం మళ్ళీ వద్దామా?" అంది ఆమె, ఆకాశం మీంచి చూపు తిప్పకుండానే. "మనిద్దరమే."

ఆవిధంగా దేవరాజ్ పక్షిప్రేమికుడయ్యాడు. ఆ రోజు అతను ఆమె మీంచి చూపు తిప్పి, పక్షులకేసి తల పైకెత్తింది మాత్రం లేదు.