వెన్ను చూపిన పెళ్లికారు

ఆ ఉదయం పళ్ల డాక్టరుగారి పథకం సాదాసీదాది. భార్యని, పెళ్లికూతురైన మరదలిని, చిన్నత్తగారిని తన కారులో ఎక్కించుకోవాలి. పదింటికల్లా కొండమీద రిజిస్ట్రారు ఆఫీసు ముందు దింపాలి. సంతకాలు కాగానే అందరిచేతా "కారు నడపడమంటే మీదేనండీ" అనిపించుకోవాలి. వీటిలో ఆయనకు అన్నిటికన్నా ముఖ్యమైనది చివరిదేనని ఆయన భార్యకు తెలుసు.

ఆ డీజిలు కారు మూడు లక్షల కిలోమీటర్లు దాటింది. కదిలే పన్నునైనా పీకకుండా నిలబెట్టాలన్నది డాక్టరుగారి వృత్తిధర్మం. కారు విషయంలోనూ ఆయనది అదే పట్టు. అయితే వారం రోజులుగా దాని క్లచ్చు జారుతోంది. యాక్సిలరేటరు తొక్కితే ఇంజను ఊరంతా వినబడేలా అరుస్తుంది గానీ, చక్రాలకు ఆ సంగతి పట్టదు. ప్లేటు అరిగిపోయిందనీ, మార్చేదాకా బరువు వెయ్యొద్దనీ, ఎత్తు అసలే ఎక్కించొద్దనీ మెకానిక్కు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. పెళ్లయ్యాక చూద్దామన్నారు డాక్టరుగారు. ఇంట్లో ఆ ఊసే ఎత్తలేదు. ఎత్తడానికి మొహం చెల్లొద్దూ? టాక్సీ పిలుద్దామని భార్య అంటే, ఇంట్లో కారు పెట్టుకుని అద్దెకారా అని రెండు రోజులు అలిగి మరీ నెగ్గిన మనిషాయె.

ఇక మరదలి సంగతి. ఆమె భూగర్భశాస్త్రం చదువుకుంది. కొండల్లో రాళ్లు పరీక్షించడం ఉద్యోగం, జీపు నడపడం అలవాటు. పని మీద వెళ్లి ఇరుక్కుపోయి ఇప్పటికి రెండుసార్లు పెళ్లి వాయిదా వేయించింది. పెళ్లికొడుకు లెక్కల లెక్చరరు, మెతక మనిషి, ఏమీ అనలేదు. అతని తల్లి మాత్రం మూడోసారి తన కొడుకును ఎదురుచూడనివ్వనని, పది దాటితే కొండ దిగిపోతామని ఖరాఖండిగా చెప్పేసింది. మరదలికి అతనంటే ప్రాణం. "అతన్ని పోగొట్టుకుంటే ఇక జన్మంతా రాళ్లతోనే కాపురం బావా" అని ముందురోజే నవ్వుతూ అంది గానీ, ఆ నవ్వులో నవ్వు లేదని డాక్టరుగారికి అర్థమైంది. అర్థమైనా క్లచ్చు మాట మాత్రం నోట్లోంచి ఊడిపడలేదు.

అందుకని బరువు తగ్గించే పనిలో పడ్డారు. ముందు డిక్కీలోంచి మిఠాయి డబ్బాలు దింపేశారు. తరవాత పూలబుట్ట దింపారు. ఆ తరవాత గొంతు సవరించుకుని, చిన్నత్తగారు ఆటోలో వస్తే హాయిగా ఉంటుందేమోనన్నారు. చిన్నత్తగారు భారీ మనిషి, మనసు మాత్రం మహా సున్నితం.

"నా బరువు నీ కారుకి ఎక్కువైందా నాయనా?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి ముహూర్తం దొరకదు. డాక్టరుగారు మాత్రం, "అబ్బే, మీకు గాలి ఆడదేమోనని" అని నసిగారు.

చిన్నత్తగారు పెళ్లికూతురి అక్కను పక్కకి లాగి చెవి కొరికింది. మిఠాయిలు వద్దన్నాడు, పూలు వద్దన్నాడు, ఇప్పుడు చుట్టాల్ని వద్దంటున్నాడు. ఈ పెళ్లి ఇతనికి ఇష్టం లేదు, దారిలో ఏదో వంక పెట్టి ఆపేస్తాడు అని తేల్చింది. పిల్లకు కాపలాగా తాను వెళ్లక తప్పదంది. మిఠాయిలూ పూలూ తిరిగి కారెక్కాయి. వాటితోపాటు, తన బరువు ఎక్కువేమీ కాదని రుజువు చెయ్యడానికి కాబోలు, ఆవిడ పెట్టె కూడా ఎక్కింది. ఆవిడ ముందుసీట్లో అల్లుడి పక్కనే కూర్చుని, అతని చేతులనే చూస్తూ ఉండిపోయింది.

చదును మీద కారు బాగానే నడిచింది. కొండదారి మొదలయ్యేసరికి ఇంజను గొంతు పెరిగింది, వేగం తగ్గింది. డాక్టరుగారు ఇంకాస్త తొక్కారు. ఇంజను ఇంకాస్త అరిచింది. కావాలనే నెమ్మదిగా పోనిస్తున్నాడని చిన్నత్తగారు పైకే అనేసింది. ఆ మాటకు ఆయన పౌరుషం కొద్దీ తొక్కారు. ఏదో మాడిన వాసన గుప్పుమంది. సగం కొండ మీద, ఒక మలుపు దాటగానే కారు నిలబడిపోయింది. ఇక దాచడానికేమీ మిగలక ఆయన మొత్తం కక్కేశారు.

భార్య ఆయన్ని ఎగాదిగా చూసింది. "నొప్పితో మీ దగ్గరికొచ్చినవాళ్లకి కూడా పెళ్లయ్యాక చూద్దామనే చెబుతారా?"

మరదలు కారు దిగింది, ముందుకు వంగి వాసన చూసింది, చేతికి చుట్టుకున్న పూలదండ తీసి అక్క మెడలో వేసింది. వేడి చల్లారేదాకా ముట్టుకోవద్దని చెప్పి రోడ్డు పక్క గోడ మీద కూర్చుంది. ఇక్కడ ముగ్గురికి కాళ్లు నిలవడం లేదు, ఆ పిల్ల మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. వేళ్లు ఒకదానిలో ఒకటి బిగిసి తెల్లబడ్డాయని దగ్గరికి వెళ్లిన డాక్టరుగారు ఒక్కరే చూశారు. చూసి సిగ్గుతో చచ్చిపోయారు.

కాసేపటికి లేచి తాళం అడిగింది. "అందరూ నడవండి. పిన్నీ, నువ్వు కూడా. సామానంతా దించండి. రివర్సులో ఎక్కిస్తాను బావా. దీని గేర్లన్నిట్లోకీ బలమైంది అదే, క్లచ్చు మీద భారం తక్కువ పడుతుంది."

కారును మలుపు దాకా జారనిచ్చి, అక్కడ వెడల్పు చూసుకుని ముక్కు కిందికి, వీపు పైకి తిప్పింది. మెడ తిప్పి వెనక అద్దంలోంచి దారి చూసుకుంటూ, యాక్సిలరేటరు మీద కాలు ఆనీ ఆననట్టు ఉంచి కదిలించింది. ఇంజను అరవలేదు. నిద్రపోయే పిల్లాణ్ణి చంకనేసుకుని మెట్లెక్కే తల్లిలా మెల్లగా, ఎక్కడా కుదుపు లేకుండా కారు పైకి పాకింది. చేతిలో పూలబుట్టతో నడుస్తున్న డాక్టరుగారి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లుగా తాను కారు నడుపుతున్నాననుకున్నారు. నడపడమంటే ఏమిటో ఇవాళ చూశారు.

పైన జరిగింది తరవాత తెలిసింది. ఆఫీసు పిట్టగోడ దగ్గర నిలబడ్డ పెళ్లికొడుకు తల్లికి, కారు సగం దూరం వచ్చి ఆగడం, ఆ తరవాత ముక్కు కిందికి తిప్పుకోవడం స్పష్టంగా కనబడ్డాయి. పిల్ల వెళ్లిపోతోందని ఆవిడ తీర్పు చెప్పేసింది. మెతక మనిషి అనుకున్న పెళ్లికొడుకు, తల్లి చెయ్యి విడిపించుకుని కొండ కిందికి పరుగందుకున్నాడు. వెళ్లిపోయే కారు దగ్గర పడటమేమిటని కూడా ఆ లెక్కల మనిషికి తట్టలేదు. మలుపు తిరిగేసరికి వెనక అద్దంలో పెళ్లికూతురి మొహం తననే చూస్తూ మీదికొస్తోంది.

"తప్పుకో! ఆపితే మళ్లీ కదలదు!"

తప్పుకోవడానికి అటు గోడ, ఇటు లోయ. పాపం, అతను వెనక్కి తిరిగి వచ్చిన దారినే పైకి పరుగెత్తాడు. పెళ్లికొడుకు ముందు, వెనక్కి నడిచే కారు అతని వెనక, దాని వెనక మిఠాయిలతో చిన్నత్తగారు. ఆ ఊరేగింపు పది కొట్టకముందే ఆఫీసు గుమ్మం చేరింది.

రిజిస్ట్రారు పద్ధతి ప్రకారం, ఈ పెళ్లి మీకు ఇష్టమేనా అని పెళ్లికొడుకును అడిగారు. అతనికి ఊపిరి ఆడటం లేదు. నోరు తెరిచాడు, మాట రాలేదు; చెయ్యి అడ్డంగా ఊపాడు. రిజిస్ట్రారు కలం పక్కన పెట్టి, ఇష్టం లేని పెళ్లి తాను చెయ్యనన్నారు. చిన్నత్తగారు గుండె మీద చెయ్యి వేసుకుంది. అప్పుడు పెళ్లికొడుకు తల్లి, కొండ దిగిపోతానన్న ఆ మనిషే, మరదలి రెండు చేతులూ పట్టుకుంది.

"మావాడికి కాస్త టైమివ్వమ్మా. కొంచెంసేపు ఎదురుచూస్తే పోయేదేముంది?"

"ఎంతసేపైనా చూస్తానత్తయ్యా" అంది మరదలు. అప్పుడు గానీ ఆమె కళ్లలో నీళ్లు తిరగలేదు.

పెళ్లికొడుకు నీళ్లు తాగి, "ఇష్టమే" అన్నాడు. ఎవరూ అడగకుండానే మళ్లీ అన్నాడు.

తిరుగు ప్రయాణంలో కారు ముందుకే నడిచింది; డాక్టరుగారు మాత్రం వెనకసీట్లో కూర్చున్నారు.