నీలం టబ్బులో ఉద్యోగ రొట్టె

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి, రాయడం ఇంకా నెమ్మది. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

రొట్టెల పండగ నాటి ఉదయం మౌలా అనుకున్నది ఒక్కటే. ఒక రొట్టె కాల్చాలి, ఎవరికైనా ఇచ్చేయాలి. నిరుడు నెల్లూరు చెరువు నీళ్లలో నిలబడి ఉద్యోగ రొట్టె తీసుకుని తిన్నాడు. కోరిక తీరి, సముద్రాన్ని పరిశోధించే ఓడలో వంటవాడయ్యాడు. కోరిక తీరినవాడు మరుసటి ఏడు అదే రొట్టెను, అలాగే నీళ్లలో నిలబడి, ఉద్యోగం లేనివాడికి ఇవ్వాలి. కానీ పని తెమలక ఓడ కృష్ణపట్నం అవతలే ఆగిపోయింది. "ఈ పొద్దు ఇయ్యకపోతే వచ్చిన పని నిలబడదు, చూసుకో" అని భార్య షమీమ్ ఫోనులో గట్టిగా చెప్పింది.

చుట్టూ సముద్రమే గాని, దిగితే మళ్లీ ఎక్కలేడు. డెక్కు మీద ఒక నీలం టబ్బు నిండా నీళ్లు కనిపించాయి. డెక్కు కడిగే నీళ్లనుకుని, తలకు గుడ్డ చుట్టి, రొట్టెతో అందులో దిగాడు. నిజానికి సైంటిస్టు అనూష మేడం పరీక్షల కోసం సముద్రం అడుగునుంచి తోడించిన నీళ్లవి.

అసలు చిక్కు వేరే ఉంది. ఓడలో ఉన్నవాళ్లందరికీ ఉద్యోగాలున్నాయి. కళాసీ పెంచలకృష్ణను బతిమాలితే, "నాకుండేదే ఎక్కువైందన్నా, సెలవు రొట్టె ఉంటే ఇయ్యి" అన్నాడు.

"అది ఇయ్యాలంటే ముందు సెలవు దొరికినోడు ఉండాల గదా."

"అట్టాంటోడు ఈ ఓడలో లేడులే."

అయినా మాట పాకింది. ఒకరు బదిలీ రొట్టె అడిగారు, ఇంకొకరు ప్రమోషన్ రొట్టె. కాదనలేక మౌలా పళ్లెం నిండా కాల్చి తెచ్చాడు. అందరూ తలకు చేతిరుమాళ్లు చుట్టుకుని టబ్బులో దిగారు. ఇచ్చేవాడెవడో తీసుకునేవాడెవడో తెలియని ఆ తోపులాటలో సగం రొట్టెలు నీళ్లపాలయ్యాయి.

కాసేపటికి అనూష టబ్బులోని నీటిచుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి, పెద్ద సైంటిస్టు విజయభాస్కర్ గారిని కేకేసింది. తెల్లని మెత్తని పొరలు, వాటి మీద బంగారు రంగు బొట్లు. ఇలాంటి ప్రాణి లోకంలో ఎక్కడా లేదని ఆయన పై ఆఫీసుకు ఫోను చేసి, ఇంకో వారం ఇక్కడే ఉంటామని మాటిచ్చేశారు. ఓడలో వాళ్లంతా మౌలా వైపు చూశారు.

మౌలా వెళ్లి ఆయన ముందు చేతులు కట్టుకున్నాడు. "సార్, అది ప్రాణి గాదు. గోధుమపిండి, నెయ్యి. కొంచెం మా కాళ్లు గూడా."

మళ్లీ పై ఆఫీసుకు ఫోను చేసి వచ్చేసరికి విజయభాస్కర్ గారి మొహం కందగడ్డలా ఉంది. "రేవు చేరగానే దిగిపో. నీకిక్కడ పని లేదు" అన్నారు.

పెంచలకృష్ణ మెల్లగా అన్నాడు. "అన్నా, పని లేనోడు దొరికినాడు."

అర్థం కావడానికి మౌలాకు కొంత సేపు పట్టింది. మళ్లీ టబ్బులో దిగాడు. తనకు తానే ఇచ్చుకుందామంటే ఎడమచేత్తో పుచ్చుకోకూడదు గనుక, ఉద్యోగ రొట్టెను పెంచలకృష్ణ చేతికిచ్చి, అతని చేతిలోంచి తానే తీసుకుని తిన్నాడు.

మధ్యాహ్నం వంటవాడికి పని లేదు, పనున్నవాళ్లకు వంట రాదు. అనూష వండిన అన్నం మాడింది. విజయభాస్కర్ గారు పెట్టిన చేపల పులుసును ఆయనే మింగలేకపోయారు. పొద్దు వాలకముందే వంటింటి గుమ్మంలో నిలబడి, "మౌలా, పొయ్యి వెలిగించు" అన్నారు.

"నాకు పని లేదంటిరి గదా సార్."

"ఉంది. ముందు వెలిగించు."

రొట్టె ఇచ్చేశాననీ, పని నిలబడిందనీ మౌలా షమీమ్‌కు ఫోనులో చెప్పాడు. పూట తిరగకుండానే కోరిక తీరినందుకు వచ్చే ఏడు అతను మళ్లీ ఉద్యోగ రొట్టె ఇవ్వాలి, ఓడలో మళ్లీ అందరికీ ఉద్యోగాలే.

నాగూర్‌బీ, వయసు అరవై తొమ్మిది. ఇప్పుడు ఉండేది ఇందుకూరుపేట.