అమీనాకు టీ ఇవ్వరాదు

నాగరికత ఏ ఊళ్ళో ఎంత ముదిరిందో తెలుసుకోవడానికి ఒకే ఒక్క కొలబద్ద ఉంది. తాను బాకీ లేనని నిరూపించుకోవడానికి మనిషి ముందుగా ఆ బాకీ తీర్చవలసిన ఊరు ఏదైతే ఉందో, అదే లోకంలోకెల్లా నాగరికమైన ఊరు. ఆ లెక్కన మా హార్ల్‌బరోను మించిన పట్టణం ఇంగ్లండులో లేదు. (వాన విషయంలో కూడా లేదు. వాన మీద కౌన్సిల్ ఇంకా పన్ను వేయలేదు, పరిశీలనలో ఉందని విన్నాను.)

మా పక్కింట్లో టామ్సిన్ అనే అమ్మాయి అద్దెకుంటోంది. సంగీత కళాశాలలో ఆఖరి సంవత్సరం. వాయించేది యూఫోనియం, అంటే చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని ఊదవలసిన పెద్ద ఇత్తడి బాకా. బొగ్గుగని బ్యాండులో వాళ్ళ తాత వాయించిన బాకా అది. ఇంట్లో వాయించినంత సేపూ నా పడగ్గది గోడ తప్ప దానికి వేరే శ్రోత లేదు కనుక, ఆ పిల్ల పడే కష్టం నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. శుక్రవారం ఆఖరి పరీక్ష. బాకా లేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే మూడేళ్ళ చదువు గంగలో కలిసినట్టే.

ఇంట్లో ఉంటున్నందుకు పట్టణ కౌన్సిల్ వేసే కౌన్సిల్ పన్ను విద్యార్థులు కట్టక్కర్లేదన్నది చట్టం. మా కౌన్సిల్‌కు చట్టమంటే అపారమైన గౌరవం. అంత గౌరవమున్న వస్తువును రోజూ బయటికి తీసి వాడరు కదా. టామ్సిన్ పేరున పన్ను బిల్లు రాగానే ఆమె కాలేజీవారి ధ్రువపత్రం పంపి, మినహాయింపుల విభాగం ఉప పర్యవేక్షకురాలు మిసెస్ పోస్‌గేట్‌కు ఫోన్ చేసింది. మా ఇళ్ళ మధ్య గోడ పలచన. నేను వినలేదని అబద్ధం ఆడను.

"మీరు విద్యార్థి అని ఒప్పుకుంటున్నామమ్మా. ఆ ఇంట్లో ఉంటున్నారని ఒప్పుకోవడం లేదు," అంది మిసెస్ పోస్‌గేట్, స్పీకరు ఫోనులో.

"ఉండనప్పుడు ఆ ఇంటికి పన్నెందుకు కట్టాలండీ?"

"ఉంటున్నారు కాబట్టి."

"నేనూ అదే కదండీ మొత్తుకుంటున్నది!"

"మీరు మొత్తుకుంటే చాలదమ్మా, రుజువుండాలి. ఆ చిరునామాతో కౌన్సిల్ పన్ను బిల్లు ఒకటి పంపండి, సరిపోతుంది."

"బిల్లు మీరే పంపారుగా. నా చేతిలోనే ఉంది."

"అది వివాదంలో ఉన్న బిల్లు, చెల్లదు. డబ్బు కట్టేసిన బిల్లు పంపండి."

ఆ విధంగా, పన్ను కట్టినవారు మాత్రమే పన్ను కట్టనక్కర్లేదని నిరూపించుకోగలరు. (ఈ నిబంధన రాసిన అధికారికి ఆ ఏడాది ప్రజాసౌలభ్య పురస్కారం ప్రకటించారు. చిరునామా రుజువు లేక ఆయన ఇంకా అందుకోలేదు.)

ఉత్తరం వెంట ఉత్తరం వచ్చింది. వాటి రంగు ముదిరింది, భాష ముదిరింది. చివరికి వ్యవహారం కోర్టు గుమ్మం తొక్కి, అక్కణ్ణుంచి ఒక వసూళ్ళ కంపెనీ చేతిలో పడి, వాళ్ళ తరఫున జప్తు చేయడానికి మిస్టర్ థర్కెల్ అనే అమీనా, ఆ శుక్రవారం పరీక్షకు ఇంకా వారం ఉందనగా, మా వీధిలో దిగాడు.

అమీనాల నియమం ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. అమీనా తలుపు బద్దలు కొట్టకూడదు, కిటికీ ఎక్కకూడదు. కాని మీ అంతట మీరు తలుపు తీసి "రండి" అన్నారా, ఇక అయిపోయింది, లోపల ఆయన కన్ను పడిన వస్తువల్లా జప్తు జాబితాకెక్కుతుంది. టామ్సిన్‌తో పాటు ఆ ఇంట్లో ఉండే ఎమ్రిస్ న్యాయశాస్త్రం రెండో ఏడాది చదువుతున్నాడు. అంటే చట్టంలో సగం తెలుసు, ధైర్యం మాత్రం పూర్తిగా ఉంది. తలుపు లోపలివైపు ఒక అట్ట వేలాడదీశాడు: "తలుపు తీయరాదు. జాలి పడరాదు. అమీనాకు టీ ఇవ్వరాదు."

మొదటి రోజు సంభాషణ తలుపుకున్న ఉత్తరాల కంతలోంచి జరిగింది.

"నమస్కారమమ్మా, జప్తుకొచ్చాను."

"నమస్కారమండీ. తలుపు తీయలేను, ఏమీ అనుకోకండి."

"అయ్యో, అనుకోవడానికేముంది! తీయకపోవడమే మంచిది కూడా. వాన పట్టేట్టుంది కదూ?"

"నిన్నటికంటే నయమేనండీ."

"నిన్న మరీ ఘోరం."

ఇలా వాన గురించి మాట్లాడుకుని, పరస్పరం క్షమాపణలు చెప్పుకుని విడిపోయారు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. మనిషి గుమ్మంలో నిలబడి ఉంటే నోట్లో ఏమీ పెట్టకుండా పంపడం మా ఊళ్ళో దొంగతనం కంటే పెద్ద తప్పు కాబట్టి, మూడోసారికి టామ్సిన్ కంతలోంచి బిస్కెట్లు అందించడం మొదలుపెట్టింది. ఎమ్రిస్ పుస్తకాలన్నీ తిరగేసి, బిస్కెట్ ఆహ్వానం కిందికి రాదని తేల్చాడు. టీ వస్తుందా రాదా అన్నది ఇంకా ఏ న్యాయస్థానమూ తేల్చలేదట. అదీగాక కప్పు కంతలో పట్టదు.

బుధవారం ఎమ్రిస్ క్లాసుకు వెళ్ళాడు. ఆకాశానికి చిల్లి పడినట్టు వాన. థర్కెల్ టోపీ అంచునుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. రెండుసార్లు తుమ్మాడు. ఆ తర్వాత, ఏ కపటమూ లేకుండా, మా దేశంలో ఇంతవరకూ ఏ తలుపూ తట్టుకోలేని ఆ మాట అననే అన్నాడు.

"నా గురించి నువ్వేం పట్టించుకోకమ్మా. నాకిలా హాయిగానే ఉంది."

కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను. "వద్దే పిల్లా! శుక్రవారం దాకా ఓర్చుకో!"

అప్పటికే గొళ్ళెం కదిలింది.

"లోపలికి రండి థర్కెల్ గారూ, ముద్దయిపోయారు."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. "వద్దమ్మా, వద్దు. నన్ను లోపలికి పిలిస్తే ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెలుసండీ. కాని కెటిల్ పెట్టేశాను."

"పెట్టేశావా?"

"ఇద్దరికీ సరిపడా."

ఆయన టోపీ తీసి గుండెలకు ఆనించుకున్నాడు. "అయితే ఇక చేసేదేముంది," అని కాళ్ళపట్టా మీద బూట్లు తుడుచుకుని లోపలికి నడిచాడు.

నేనూ పరిగెత్తాను. (పొరుగువారి ప్రవేశానికి ఇంకా నిబంధనలు రాలేదు.) థర్కెల్ టీ తాగాడు, బాగుందన్నాడు, ఆ పైన కన్నీళ్ళ పర్యంతమై జేబులోంచి కలం తీశాడు. కళ్ళు గదంతా తిరిగి తిరిగి యూఫోనియం దగ్గర ఆగిపోయాయి.

"కుర్రతనంలో నేనూ బ్యాండులో రెండో కార్నెట్, అదే చిన్న బాకా, వాయించేవాణ్ణి. ఇది పాత పనితనం. వేలంలో మంచి ధర పలుకుతుంది," అన్నాడు.

టామ్సిన్ బాకా మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇదిగో పెద్దమనిషీ! ఆ బాకా జోలికొస్తే మర్యాద దక్కదు. మూడేళ్ళు దాని మోత భరించింది మీరా, నేనా? అది పరీక్ష పాసయ్యేదాకా ఇక్కణ్ణుంచి కదిలితే ఒట్టు!"

"మీరు కోప్పడకండి. చదువుకు అవసరమైన పనిముట్టు నేను ముట్టుకోకూడదు, అదీ నియమమే. కాకపోతే ఈ అమ్మాయి విద్యార్థేనని నాకు రుజువు కావాలి."

మళ్ళీ అదే మాట! టామ్సిన్ ఇక ఎవరితోనూ వాదించలేదు. బాకా ఒళ్ళోకి తీసుకుని వాయించింది. ఎవరైనా పోయినప్పుడు వాళ్ళ తాత గని బ్యాండు వాయించే నెమ్మది పాట. వాన చప్పుడు కూడా వినబడలేదు నాకు. థర్కెల్ ముక్కు చీదుకున్నాడు.

"రెండో చరణంలో తప్పావు," అన్నాడు.

"ఎప్పుడూ అక్కడే తప్పుతానండీ."

"మూడేళ్ళుగా అక్కడే," అని నేను సాక్ష్యం చెప్పాను.

"ఉద్యోగం సద్యోగం ఉన్నవాళ్ళెవరూ ఒకే చోట మూడేళ్ళు తప్పే తీరిక పెట్టుకోరు. నువ్వు విద్యార్థివే," అని ఆయన కలం మూసేశాడు. "అక్కడ ఊపిరి కాస్త ముందుగా తీసుకో తల్లీ."

సరిగ్గా అప్పుడు ఎమ్రిస్ వచ్చాడు. బల్ల దగ్గర అమీనా, అమీనా చేతిలో వాడి సొంత కప్పు. సంచీ జారి కింద పడింది.

"తలుపెవరు తీశారు?"

"ఆయన తుమ్మారు ఎమ్రిస్."

"తుమ్మితే?"

"రెండుసార్లు."

ఎమ్రిస్ కుర్చీలో కూలబడి, నాకూ ఒక కప్పు పొయ్యండి అన్నాడు.

థర్కెల్ అక్కడి నుంచే కౌన్సిల్‌కు ఫోన్ చేసి చెప్పాడు: ఈ ఇంట్లో విద్యార్థి నివసిస్తుండగా కళ్ళారా చూశాను, జప్తుకు తగిన వస్తువులు లేవు, టీ బాగుంది. గురువారం ఉదయం మిసెస్ పోస్‌గేట్ తానుగా ఫోన్ చేసింది. కౌన్సిల్ పంపిన మనిషే చూశాడు కనుక చిరునామా రుజువైందట, బాకీ, ఖర్చులు, అన్నీ రద్దయ్యాయట. "మొదటి రోజే తలుపు తీసి ఉంటే మాకింత శ్రమ ఉండేది కాదు కదమ్మా," అని నిష్ఠూరమాడింది కూడా. టామ్సిన్ క్షమాపణ చెప్పింది.

శుక్రవారం పరీక్షకు మేమందరం వెళ్ళాం. వెనక వరసలో, ఫ్లాస్కుతో, థర్కెల్ కూడా ఉన్నాడు. రెండో చరణం దగ్గర నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. పిల్ల ఊపిరి ముందుగా తీసుకుంది. తప్పలేదు. నా గోడ వినవలసిందది! సిగ్గు విడిచి చెబుతున్నాను, భోరున ఏడ్చాను.

ఫలితాలు జూన్ నెలలో ఒక సాయంత్రం వచ్చాయి. మొదటి తరగతి. మా వంటింట్లో అందరం గంతులేశాం, ఎమ్రిస్ తలుపు మీది అట్ట చింపేశాడు. మర్నాడు పొద్దున్నే టామ్సిన్ పేరున కౌన్సిల్ పన్ను బిల్లు వచ్చింది. పేరు సరిగ్గా ఉంది, చిరునామా సరిగ్గా ఉంది, ముందురోజు నుంచే లెక్క కట్టారు. ఆ పిల్ల చదువు పూర్తయిందన్న సంగతి మాత్రం కౌన్సిల్ ఏ రుజువూ అడగకుండానే నమ్మింది.