పొడి దగ్గు వర్ధిల్లాలి

పొడి దగ్గును మించిన వరం ఈ లోకంలో మరొకటి లేదు. నవ్వకండి. నవ్వితే దగ్గు వస్తుంది.

మీరే ఆలోచించండి. బ్యాంకులో క్యూ కడతారు. అరగంటైనా అది కదలదు. ఖళ్ళుఖళ్ళున రెండుసార్లు దగ్గి చూడండి! ముందున్న ఆరుగురూ మర్యాదగా తప్పుకుంటారు. బస్సులో పక్క సీటు ఖాళీ అవుతుంది, హాయిగా సంచి పెట్టుకోవచ్చు. లోన్ కావాలా మేడమ్ అని ఫోన్ చేసిన అమ్మాయి, మీ దగ్గు వినగానే ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి తనే పెట్టేస్తుంది. సొంతవాళ్ళకు కూడా గుర్తురాని మాట!

ఇక షుగర్ ఫ్రీ దగ్గు సిరప్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ సీసా ఒక వరం, దాని అట్టపెట్టె ఒక వరం. ఆ పెట్టెలో పద్నాలుగు మడతలతో ఒదిగి కూర్చునే కాగితం ఉంది చూశారూ, అది వరాలకే వరం.

ఆ కాగితం గురించి మాట్లాడే హక్కు నాకుంది. మందుల ప్యాకింగ్ ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు నేను చేసిన పని ఆ కాగితాలు మడత పెట్టడమే. బడి మొహం చూసినదాన్ని కాదు. మడత పెడుతూ పెడుతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. మీరంతా 'అమ్మ', 'ఆవు' అంటూ మొదలుపెట్టి ఉంటారు. నేను 'అధిక మోతాదు'తో మొదలుపెట్టాను. అందుకే కాబోలు, లోకంలో ఏది చూసినా నాకు ముందు దుష్ఫలితాలే కనిపిస్తాయి.

మొన్నామధ్య మా అక్క వచ్చింది. అక్క దర్జీ. రెండేళ్ళకోసారి వస్తుంది, రెండు రోజులుంటుంది, దారం తెంపినట్టు లేచి వెళ్ళిపోతుంది. స్కూళ్ళు తెరిచే రోజులట, యూనిఫారాలు కుప్ప పడి ఉన్నాయట. ఆవిడకు ఎప్పుడూ ఏదో ఒకటి కుప్ప పడే ఉంటుంది. సరిగ్గా బయల్దేరే రోజు పొద్దున ముక్కు కారడం, పొడి దగ్గు పట్టుకున్నాయి. చూశారా మరి, ఎంత అక్కరకొచ్చే జబ్బో!

అక్కకు షుగర్ ఉందని తెలిసి మందుల షాపు ఆవిడ షుగర్ ఫ్రీ సిరప్ ఇచ్చింది. "వేరే మందులేమైనా వాడుతుంటే ముందే చెప్పండి. మూతకి గీత ఉంది, అక్కడి దాకే పోసుకోండి. రోజుకి మూడుసార్లు, అంతే," అంది. అక్క తలూపింది. ఇంటికొచ్చి సీసా ఎత్తి గొంతులో పోసుకుంది.

"అక్కా, మూత."

"నలభై ఏళ్ళుగా కంటితో చూసి చొక్కాలు కత్తిరిస్తున్నాను. నాకు కొలతలు నేర్పుతావా? అయినా ఇందులో పంచదారే లేదుగా. ఇంక నష్టమేముంది."

చాలామంది నమ్మకమూ ఇదే. చెడంతా పాపం పంచదారే చేసింది, దాన్ని తీసేస్తే మిగిలేది మంచినీళ్ళే! తీపి కోసం అందులో వేరే ఏదో కలుపుతారనీ, అది ఎక్కువైతే పొట్ట ఊరుకోదనీ కాగితంలో ఆరో మడత కింద ఉంటుంది. అక్క ఆ ఆరో మడతను మధ్యాహ్నమంతా బాత్రూమ్‌లో అధ్యయనం చేసింది. ఆ తరవాత మూతతోనే తాగింది, ఆ తప్పేదో నేను చేసినట్టు నన్ను చూస్తూ.

మర్నాడు సంచి సర్దుకుంది. నేను భూతద్దం తీశాను. కాగితంలో ఉన్నది ఇదీ: మత్తు రావచ్చు, ఈ మందు తాగి వాహనం నడపరాదు. నేను పైకి చదివింది ఇదీ: ఈ మందు తాగి వాహనం ఎక్కరాదు. మార్చింది ఒక్క మాటే. ఆ చిన్న అక్షరాలు అక్క కళ్ళజోడుకి అందవు.

"డ్రైవరు తాగకపోతే చాలు కదే," అంది అక్క.

"కాగితంలో ఉందక్కా."

ముప్ఫై ఏళ్ళ అనుభవం ముందు దర్జీ ఏం మాట్లాడుతుంది? సంచి మళ్ళీ మంచం కిందికి వెళ్ళింది. నాలుగో రోజు 'వారంలో దగ్గు తగ్గకపోతే డాక్టరును కలవాలి' అన్నదాన్ని 'వారం దాటేదాకా కదలరాదు' అని చదివాను. అయిదో రోజు చల్లగాలి గురించి ఒక వాక్యం సొంతంగా కల్పించాను. బాగానే కుదిరింది.

ఆ రోజుల్లో అక్క నా కిటికీ పరదాలకు అంచులు కుట్టింది. ఒక్క దుప్పటి కోసం చిన్నప్పుడు ఎలా కొట్టుకున్నామో ఇద్దరం గుర్తు చేసుకున్నాం. దుప్పటి రంగు మీద మళ్ళీ కొట్టుకున్నాం. దగ్గు మీద నా గౌరవం రోజురోజుకీ పెరిగింది.

ఆరో రోజు అక్కకు ఓపిక నశించింది. త్వరగా తగ్గించుకుని వెళ్ళిపోవాలని, సంచి అడుగున ఉన్న జలుబు మాత్రలు తీసి, నాకు చెప్పకుండా సిరప్ మీద రెండు వేసుకుంది. పది గంటలకు కుర్చీలో కునుకు తీసింది. పదకొండుకి పిలిస్తే 'ఊ' అంది. పన్నెండుకి 'ఊ' కూడా అనలేదు. ఒళ్ళో పరదా, పరదాలో సగం దూరిన సూది.

ఇదివరకు ఆ కుర్చీలోనే అలా కునుకు తీసి, మా ఆయన మళ్ళీ లేవలేదు. అక్కను చూసి అది గుర్తొచ్చాక, ఆటో ఎవరు పిలిచారో, ఆస్పత్రి దాకా ఎలా వెళ్ళామో నాకు తెలియదు.

సాయంత్రానికి అక్క కళ్ళు తెరిచింది. డాక్టరమ్మ సిరప్ సీసానీ మాత్రల అట్టనీ పక్కపక్కన పెట్టింది. "రెండిట్లోనూ ఉన్నది ఒకటే మందు, మత్తు తెచ్చేది. ఇది తాగుతుంటే అది వేసుకోకూడదు. పెట్టెలో కాగితం ఎవరూ చదవలేదా?"

"మా చెల్లెలు చదివిందమ్మా," అంది అక్క నీరసంగా. "రోజూ చదివింది. ప్రయాణం చెయ్యకూడదని రాసుందట."

డాక్టరమ్మ కాగితం విప్పి రెండు వైపులా చూసింది. "అలా ఎక్కడా లేదే."

అక్క నా వైపు తిరిగింది. కుట్టు ఎక్కడ తప్పిందో దర్జీ కంటికి దొరక్కుండా పోదు. అప్పుడు నాకో దగ్గు తెర వచ్చి ఉంటే ఎంత బాగుండేది! రాలేదు.

ఇతర జలుబు మందులతో కలిపి వాడరాదు అన్న వాక్యం తొమ్మిదో మడత మీద ఉంది. నేను చదివాను. పైకి చదవలేదు. దానివల్ల అక్క ఒక్క రోజు కూడా ఎక్కువ ఉండదు మరి.

రెండు రోజుల తరవాత బస్సు ఎక్కించాను. మెట్టు మీద నిలబడి అక్క అంది, "ఉండవే అక్కా అని ఒక్క మాట అంటే నీ నోరు అరిగిపోయేదా?"

"యూనిఫారాలు ఉన్నాయన్నావుగా."

"అవెప్పుడు లేవు గనక?"

తలుపు మూసుకుంది.

కాబట్టి మహాజనులారా, మూత గీత దాటకండి. ఏ రెండు మందులైనా కలిపే ముందు అడగండి. కాగితం పైకి చదివేటప్పుడు, ఉన్నది ఉన్నట్టు చదవండి. మనసులో ఉన్నదాన్ని దగ్గు సిరప్ చేత చెప్పించాలనుకుంటే, ఏ మోతాదులో వాడాలో ఏ మడతలోనూ రాసి లేదు. నేను అన్నీ వెతికాను.

నిన్న అక్క ఫోన్ చేసింది. మాటల మధ్యలో నా గొంతు గరగరమంది.

"దగ్గుతున్నావా? రమ్మంటావా?"

భూతద్దం బల్ల మీదే ఉంది. ఇంకో రెండు దగ్గులు దగ్గితే చాలు. ఎంత చక్కటి అవకాశం!

"దగ్గేం లేదక్కా," అన్నాను. "ఊరికే రా."

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.